అడయారా, తిరుపతా? ట్రస్టు క్యాన్సర్ ఆసుపత్రుల గురించి అడిగిన తమ్ముడికి

పాకాల దగ్గర పల్లె నుంచి ఒకతను అడిగిన ప్రశ్న ఇది. అమ్మకు 52 ఏళ్లు. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడుతుంటే డాక్టరుకు చూపించారు. ముక్క తీసి పరీక్షకు పంపితే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అని రిపోర్టు వచ్చింది. ఊళ్లో ఒకరు మద్రాసులోని అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి పొమ్మంటున్నారు, ఇంకొకరు తిరుపతిలోనే టాటా ఆసుపత్రి ఉంది కదా అంటున్నారు, హైదరాబాద్‌లో ఉన్న బంధువులు అక్కడి బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి రమ్మంటున్నారు. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో మాత్రం "గర్భసంచి తీసేస్తే సరిపోతుంది, వచ్చే వారమే చేసేద్దాం" అన్నారట. ఈ లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో అంతా ఉచితమేనా, ఉచితమైతే వైద్యం సరిగ్గా చేస్తారా అన్నది అతని సందేహం.

ముందు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకోండి.

ఆ నర్సింగ్ హోమ్ ఆపరేషన్‌కు ఇప్పుడు ఒప్పుకోవద్దు. క్యాన్సర్ ఏ దశలో ఉందో తేలాలి. ఆ తర్వాతే ఆపరేషనా, రేడియేషనా అన్న మాట. పాకాల నుంచి మీకు తిరుపతి దగ్గర కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. రెండో అభిప్రాయం కావాలంటే అడయారు వెళ్లి రండి, తప్పులేదు. కానీ వారాల తరబడి సాగే వైద్యం మాత్రం ఇంటికి దగ్గర్లో పెట్టుకోండి. ఇక ట్రస్టు ఆసుపత్రి అంటే అందరికీ అన్నీ ఉచితం అని కాదు. ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకు తగ్గించే పద్ధతి అది. అందుకే డబ్బు సంగతి మొదటి రోజే దాచకుండా చెప్పాలి.

నేను డాక్టరును కాను. తిరుపతిలో క్యాన్సర్ రోగుల మధ్య మెడికల్ సోషల్ వర్కర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఏ కార్డుకు ఏది వర్తిస్తుంది, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అని చూడటమే నా ఉద్యోగం. కాబట్టి మందుల డోసులు నన్ను అడగకండి. మిగతావి చెప్పగలను.

ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నానంటే, మన జిల్లాల్లో గర్భసంచి తీయించుకోవడం పన్ను పీకించుకున్నంత మామూలైపోయింది. రక్తం పోతోందా, తీసేయ్. నొప్పా, తీసేయ్. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దానితో పనేముంది" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. కానీ ముఖద్వారం క్యాన్సర్‌కు మామూలుగా గర్భసంచి తీసే ఆపరేషన్ సరిపోదు. బాగా చిన్నగా, మొదటి దశలో ఉంటే క్యాన్సర్ సర్జన్లు చుట్టూ ఉన్న కణజాలంతో, గ్రంథులతో సహా తీసే పెద్ద ఆపరేషన్ చేస్తారు. కాస్త పెద్దదైనా, పక్కలకు పాకినా ఆపరేషన్ జోలికే పోరు. రేడియేషన్, దానితోపాటు కీమో. మన వాళ్లలో ఎక్కువ మంది వచ్చేది ఈ రెండో గుంపులోనే.

ఎక్కడో మామూలు ఆపరేషన్ చేయించుకుని, తీసిన గర్భసంచిని పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలి, అప్పుడు మా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లను చాలామందిని చూశాను. ఒకామె సంగతి చెబుతాను. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కొడుకు చేతిలో లడ్డు కవరు, అందులో మడతలు పడిన రిపోర్టులు. రెండు ఆవులు అమ్మి ఆపరేషన్‌కు కట్టేశారు. ఆ పుండు మానేదాకా రేడియేషన్ మొదలుపెట్టలేదు. పైగా లోపల గర్భసంచి లేదు కాబట్టి, లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ మామూలుగా ఇచ్చినట్టు ఇవ్వడం కుదరదు. డబ్బు పోయింది, సమయం పోయింది, వైద్యం కష్టమైంది. మీ అమ్మకు ఇంకా ఆపరేషన్ కాలేదు, ముక్క పరీక్ష ముందే అయింది. ఆ పరీక్ష రాసిన డాక్టరుకు దండం పెట్టండి.

ఇప్పుడు వైద్యం ఎలా సాగుతుందో తెలిస్తే, ఎక్కడికి పోవాలన్నది సగం తేలిపోతుంది. రేడియేషన్ అని తేలితే (ఊళ్లల్లో కరెంటు పెట్టడం అంటారు చూడండి, అదే) సాధారణంగా వారానికి ఐదు రోజులు, దాదాపు ఐదు వారాలు. యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలే. నొప్పి ఉండదు, కరెంటు షాకూ కొట్టదు. వారానికో రోజు సెలైన్‌లో కీమో మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ కొన్ని విడతలు. దాన్ని బ్రాకీథెరపీ అంటారు. ఈ మొత్తం దాదాపు ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలి. సాగదీస్తే ఫలితం తగ్గుతుంది. ఈ ఒక్క విషయం మా దగ్గర గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాలని నాకు ఎప్పుడూ ఉండేది.

ఐదు వారాలు మద్రాసులో గది అద్దె, ఇద్దరికి తిండి, తోడుగా వచ్చినవాళ్ల కూలి పోవడం, ఇంట్లో పశువులను చూసేవాళ్లు లేకపోవడం... వైద్యం ఉచితమైనా ఇవి ఉచితం కావు. మొదటి రెండు వారాలు ఉత్సాహంగా ఉంటారు. మూడో వారం విరేచనాలు, నీరసం మొదలవుతాయి. అప్పుడే ఊరి నుంచి ఫోన్ వస్తుంది. పూతలపట్టు వైపు నుంచి వచ్చిన ఒకామె సరిగ్గా తోతాపురి కోతల సీజన్‌లో ఆపేసింది. "తోట కోత అయిపోతానే వచ్చేస్తాం లేక్కా" అని వెళ్లారు. ఫోన్ చేస్తే ఇవాళ, రేపు అన్నారు. రక్తస్రావం అప్పటికే తగ్గింది కదా, అంతా నయమైందనుకున్నారు. తిరిగి వచ్చేసరికి చేయగలిగింది నొప్పి తగ్గించడమే. పాకాల నుంచైతే పొద్దున బస్సెక్కి కరెంటు పెట్టించుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. అందుకే తిరుపతి అన్నాను తప్ప అడయారు మీద నాకు చిన్నచూపు లేదు. ఆ మాటకొస్తే ఈ ప్రాంతంలో క్యాన్సర్ అంటే భయపడకుండా ఒక చోటికి పోవచ్చు అని మన వాళ్లకు నేర్పింది అడయారే.

దాని కథ కొంచెం తెలుసుకోండి. ట్రస్టు ఆసుపత్రుల్లో పేదవాళ్లను ఎలా చూస్తారన్న మీ సందేహానికి జవాబు అందులోనే ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో కూర్చున్న తొలి మహిళ. దేవదాసీ వ్యవస్థ మీద పోరాడినావిడ. ఆమె చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ దుఃఖంతో మహిళా భారత సంఘం తరఫున చందాలు వసూలు చేసి ఆసుపత్రి తలపెట్టారు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్‌లో అడయారులో తలుపులు తెరిచేనాటికి ఉన్నవి 12 మంచాలు. ఆమె కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి నడిపించారు. మరుసటి ఏడాది డాక్టర్ వి. శాంత వచ్చి చేరారు. ప్రభుత్వ ఉద్యోగం చేతికొచ్చినా వదులుకుని వచ్చారు, మొదట్లో జీతం లేకుండానే పనిచేశారు. తర్వాత ఆసుపత్రి ఆవరణలోనే కాపురం. 2005లో మెగసెసే అవార్డు, 2016లో పద్మవిభూషణ్ వచ్చాయి. 2021 జనవరిలో చనిపోయేదాకా ఆవిడ అడ్రస్ ఆ ఆసుపత్రే. 12 మంచాలు ఇప్పుడు 500 దాటాయి. 1960 నాటికే పిల్లల క్యాన్సర్‌కు విడిగా వార్డు పెట్టారు. క్యాన్సర్ డాక్టర్లను తయారుచేసే కాలేజీని 1984లో మొదలుపెట్టారు. మీరు తిరుపతిలో చూపించుకునే డాక్టరు కూడా అక్కడ చదివినవారై ఉండవచ్చు, ఆశ్చర్యపోకండి.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ ఆసుపత్రి పుట్టిందే చందాలతో, డబ్బు లేనివాళ్ల కోసం. అక్కడ కట్టగలిగినవాళ్లు కడతారు, కొంత కట్టగలిగినవాళ్లు కొంత కడతారు, కట్టలేనివాళ్లను జనరల్ వార్డులో ఉచితంగా చూస్తారు. గది మారుతుంది, భోజనం మారుతుంది. యంత్రం అదే, డాక్టరు అదే. మిగులు డబ్బు పంచుకోవడానికి వాటాదారులు ఉండరు కాబట్టి అది మళ్లీ యంత్రాలకో, వార్డులకో పోతుంది. లాభాపేక్ష లేదు అంటే ఇదీ. బిల్లే ఉండదని కాదు.

తిరుపతి టాటా ఆసుపత్రి కథ వేరు, కానీ దాని మూలం కూడా ఇలాంటి దుఃఖమే. సర్ దోరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో రక్త క్యాన్సర్‌తో పోయారు. ఆ జ్ఞాపకంగా టాటా ట్రస్టు 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరిచింది. తర్వాత 1962 నుంచి అది కేంద్ర అణుశక్తి విభాగం కిందికి వెళ్లింది. దేశం నలుమూలల నుంచీ రైళ్లెక్కి అక్కడికి పోయి, ఫుట్‌పాత్‌ల మీద పడుకున్న కుటుంబాల సంగతి అందరికీ తెలిసిందే. రోగి నగరానికి పోవడం కాదు, ఆసుపత్రే రోగి దగ్గరికి రావాలన్న ఆలోచనతో టాటా ట్రస్టులు వేర్వేరు రాష్ట్రాల్లో క్యాన్సర్ కేంద్రాలకు చేయి కలిపాయి. మన దగ్గర టీటీడీ 25 ఎకరాల స్థలం ఇచ్చింది. 2018 ఆగస్టు 31న రతన్ టాటా వచ్చి శంకుస్థాపన చేశారు, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పక్కన ఉన్నారు. 2022 మేలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు. మొదటి దశలో 92 పడకలు. శ్రీ వేంకటేశ్వర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ కేర్ అండ్ అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ అని పొడుగాటి పేరు, నడిపే సంస్థ పేరు అలమేలు చారిటబుల్ ఫౌండేషన్. ఆటోవాళ్లకు ఇవేవీ చెప్పకండి. జూపార్క్ రోడ్డులో టాటా క్యాన్సర్ ఆసుపత్రి అంటే చాలు.

తిరుపతిలోనే టీటీడీకే చెందిన పెద్దాసుపత్రి స్విమ్స్‌ను కూడా మరిచిపోకండి. 1993 నుంచి నడుస్తోంది. క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ విభాగాలు మూడూ ఉన్నాయి. గుండె, కిడ్నీ డాక్టర్లు కూడా అదే ఆవరణలో ఉండటం ఒక సౌకర్యం. మీ అమ్మకు షుగరో, కిడ్నీ సమస్యో, గుండె జబ్బో ఉంటే నేనైతే ఇది గట్టిగా ఆలోచిస్తాను. ముఖద్వారం క్యాన్సర్ పెరిగితే మూత్రనాళాలను నొక్కి కిడ్నీల మీద దెబ్బ పడే అవకాశం ఉంది. అందుకే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష అంత పట్టుబట్టి చేయిస్తారు. కీమో మందు ఇవ్వాలా వద్దా అన్నది కూడా దాని మీదే ఆధారపడుతుంది.

బసవతారకం మంచి ఆసుపత్రే. ఎన్టీ రామారావు గారి భార్య బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో చనిపోయాక ఆయన సంకల్పించినది. అమెరికాలోని తెలుగు డాక్టర్ల తోడ్పాటుతో పైకొచ్చింది. ఆయన చూడకుండానే పోయారు. 2000 జూన్‌లో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. కానీ పాకాల నుంచి హైదరాబాద్ రాత్రంతా ప్రయాణం. అక్కడ సొంత మేనమామ ఇల్లే ఉండి, రెండు నెలలు మొహం చిట్లించకుండా పెట్టుకుంటారంటే ఆలోచించండి. బంధువులు "రండి, మేం చూసుకుంటాం" అన్న మాట ఎన్నాళ్లు నిలుస్తుందో మీకే బాగా తెలుస్తుంది. రాయవేలూరులోని సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి కూడా లాభాపేక్ష లేని సంస్థే, చిత్తూరు వైపు వాళ్లకు అది పెద్దదిక్కు. మీ ఊరు చిత్తూరు దాటి గుడిపాల వైపు అయి ఉంటే నా జవాబు మారేది. ఇప్పుడు దాని విభాగాలు వేలూరులో కొన్ని, రాణిపేట దగ్గరి కొత్త క్యాంపస్‌లో కొన్ని ఉన్నాయి కాబట్టి, పోయేవాళ్లు ఎక్కడికి పోవాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక డబ్బు. అందరూ చివర్లో అడుగుతారు, నేను మొదట అడగమంటాను. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ, చాలావరకు ఆదుకుంటుంది. 2007లో రాజశేఖర రెడ్డి గారి హయాంలో మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతుంది, జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీయే. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ప్యాకేజీలు ఉన్నాయి. ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో వెళ్లగానే కనుక్కోండి. ఆధార్, రేషన్ కార్డు, ముక్క పరీక్ష రిపోర్టు అసలు ప్రతి, ఫోటోలు పట్టుకెళ్లండి. కార్డులో అమ్మ పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా చూసుకోండి. ఒకదాంట్లో "లక్ష్మమ్మ", ఇంకోదాంట్లో "లక్ష్మీదేవమ్మ" అని ఉండి రోజులు వృథా అయినవాళ్లు కోకొల్లలు. మీ కేసు పథకం కిందికి వస్తుందో లేదో 104కు ఫోన్ చేసినా చెబుతారు.

పథకం అనుమతి వచ్చాకే వైద్యం మొదలుపెట్టించండి, ముందు కట్టేసి తర్వాత వెనక్కి వస్తుందనుకోకండి. దశ తేల్చే స్కానింగులు, కొన్ని పరీక్షలు ప్యాకేజీ బయట పడవచ్చు. వాటికి చేతిలో కొంత డబ్బు ఉండాలి. కార్డు లేదు, లేదా ఏదో కారణంతో తిరస్కరించారు అనుకోండి, అప్పుడు సోషల్ వర్కర్ దగ్గర కూర్చోండి. స్విమ్స్‌లో అయితే టీటీడీ వారి ప్రాణదాన ట్రస్టు ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఆసుపత్రికి డబ్బు కడతామనే హామీ పత్రం) కోసం మీ ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా పత్రం కావాలి. అడయారు పోవాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: తమిళనాడు ప్రభుత్వ బీమా పథకం అక్కడి కుటుంబాలకే. మన కార్డు అక్కడ ఏ వైద్యానికి చెల్లుతుందో బయలుదేరకముందే అడగండి.

మా టేబుల్ దగ్గర జరిగేది ఒకటి చెప్పాలి. పరువు కోసం మనవాళ్లు ఉన్నది ఎక్కువ చేసి చెబుతారు. "ఎంతైనా పర్లేదు మేడం, అమ్మ కదా" అంటాడు కొడుకు. వెనకాల తండ్రి నేల చూపులు చూస్తుంటాడు. నెల తర్వాత అదే కొడుకు వడ్డీకి తెచ్చి, చీటీ పాడి, ఇంక వల్లకాక ఫోన్ ఎత్తడు. ట్రస్టు ఆసుపత్రిలో రాయితీ ఇచ్చేవాళ్లకు మీ మనసులోని మాట కనపడదు, మీరు చెప్పిందే రాసుకుంటారు. ఎకరం మెట్ట ఉంటే ఎకరం మెట్ట అనే చెప్పండి. ఆ ఎకరం మీద అప్పుంటే అదీ చెప్పండి. అడుక్కున్నట్టు కాదు. ఆ చందాలు వచ్చిందే అందుకు.

తక్కువ డబ్బుకు చేస్తే నాణ్యత తక్కువ ఉంటుందా అన్నారు. వైద్యంలో కాదు. ఇలాంటి చోట్ల ఒక్క డాక్టరు నిర్ణయం కాకుండా సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు కలిసి కూర్చుని కేసు తేలుస్తారు. దాన్ని ట్యూమర్ బోర్డ్ అంటారు. మీ నర్సింగ్ హోమ్‌లో ఆ వచ్చే వారం ఆపరేషన్ ఎవరు కలిసి నిర్ణయించారో ఒకసారి అడిగి చూడండి. లోటు ఇంకో చోట ఉంటుంది: జనం. పొద్దున్నే టోకెన్, మధ్యాహ్నం దాకా బెంచీ, ఒక్కో మనిషితో డాక్టరు మాట్లాడేది కొద్ది నిమిషాలు. రేడియేషన్‌కు వరుస ఉంటుంది, "రెండు వారాల తర్వాత రండి" అనవచ్చు. నర్సు విసుక్కోవచ్చు. లిఫ్ట్ దగ్గర ఎవరో వచ్చి "నేను త్వరగా చేయిస్తా" అంటాడు, వాడికి రూపాయి ఇవ్వకండి. ఇంకో హెచ్చరిక, బోర్డు మీద ట్రస్ట్ అని రాసుకున్నవన్నీ ఇలాంటివి కావు. రాయితీ పద్ధతి ఏమిటో కాగితం మీద చెప్పలేని చోట, ఆ పేరు పేరుకే.

రెండో అభిప్రాయానికి అడయారు వెళ్తానంటే, ముక్క పరీక్ష చేసిన ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. మీ అమ్మ నుంచి తీసిన ముక్కను మైనంలో పోతపోసి పెడతారు, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. అది మీది, ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. చాలామంది రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తారు, అక్కడ మళ్లీ ముక్క తీయాల్సి వస్తుంది. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది. మన ఎండలు తెలుసు కదా. రైలుకు క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ పూర్తిగా రాయితీ, తోడు వెళ్లే ఒకరికి ముప్పావు వంతు రాయితీ ఉంది. రైల్వే నమూనాలో డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. తిరుపతి నుంచి రైల్లో పొద్దున పోయి చూపించుకుని రావచ్చు, కానీ అడయారులో అంతా ఒక్క రోజులో తేలదు. రెండు రోజులు అనుకునే వెళ్లండి.

ఇంట్లో సంగతులు కొన్ని. రేడియేషన్‌కు ముందు ఒంటి మీద మార్కర్‌తో గీతలు గీస్తారు. యంత్రం గురి పెట్టేది వాటి ఆధారంతోనే. ఒకామె శుక్రవారం తలంటుకుని సున్నిపిండితో రుద్దేసి, "ఆ ఇంకు మరకలన్నీ పోయినాయి లేమ్మా" అని సంతోషంగా వచ్చింది. మళ్లీ మొదటి నుంచి కొలతలు. ఆ ఐదు వారాలూ నీళ్లు పోసుకోవడం ఎలాగో టెక్నీషియన్‌ను అడిగి చేయండి. కొన్ని చోట్ల యంత్రం ఎక్కే ముందు ఇన్ని నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటారు. పేగులు పక్కకు జరిగి దెబ్బ తగలకుండా ఉండటానికి అది. అమ్మకు సిగ్గేసి మధ్యలో పోసేసి వచ్చి "ఆపుకున్నాను" అని చెబుతుంది, మీ అక్కనో చెల్లినో తోడు పంపండి.

పథ్యం పేరుతో ఎండబెట్టకండి. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, చారన్నం చాలు అని ఇరుగమ్మ పొరుగమ్మ చెబుతారు. గుడ్లు, పప్పు, పెరుగు, తినగలిగితే చికెన్ పెట్టండి. విరేచనాలు మొదలైతే ఆకుకూరలు, పీచు తగ్గించమని ఆసుపత్రిలోనే చెబుతారు. రక్తం పోయి ఉంటుంది కాబట్టి హిమోగ్లోబిన్ సాధారణంగా 10 పైన ఉండేలా చూస్తారు. రక్తం ఎక్కించాలంటే దాతలు కావాలి, ఊళ్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి. పసరు మందు పోయించుకోమనే వాళ్లు కూడా తప్పకుండా వస్తారు. పోట్లాడకండి, వైద్యం అయ్యాక చూద్దాం అనండి.

అమ్మకు జబ్బు పేరు చెప్పారో లేదో మీరు రాయలేదు. చాలా ఇళ్లలో "పుండు" అని చెప్పి ఊరుకుంటారు. వార్డులో పక్క మంచం ఆవిడ ఎలాగూ చెప్పేస్తుంది. మీరే చెప్పండి, నయం చేయడానికి వీలున్న జబ్బేనని డాక్టరు చేత చెప్పించండి. ఇది వంశంలో వచ్చేది కాదు, తాకితే అంటుకునేది కాదు. హెచ్‌పీవీ అనే చాలా మామూలు వైరస్ ఏళ్ల తరబడి లోపల ఉండిపోతే వస్తుంది. పెళ్లయిన ఆడవాళ్లలో ఎంతో మందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ సోకే ఉంటుంది. కాబట్టి అమ్మ నడవడిక గురించి గానీ, నాన్న గురించి గానీ ఎవరైనా నోరు జారితే అక్కడికక్కడే ఆపేయండి. మీ అక్కచెల్లెళ్లు 30 దాటినవాళ్లయితే పీహెచ్‌సీలో గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోమనండి, ప్రభుత్వ స్క్రీనింగ్‌లో అది ఉంది. ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా గురించి పిల్లల డాక్టరును అడగండి.

సోమవారం తిరుపతి వెళ్లినప్పుడు డాక్టరును ఈ నాలుగు అడగండి, చీటీ మీద రాసుకుని పోండి. ఏ దశ? ఆపరేషన్ కాకపోతే మొత్తం ఎన్ని వారాలు? లోపలి రేడియేషన్ కూడా ఇక్కడే ఇస్తారా, వేరే చోటికి పంపుతారా? రేడియేషన్ మొదలయ్యే తేదీ ఎప్పుడు? మూడో ప్రశ్న ముఖ్యం. బయటి రేడియేషన్ ఒక చోట, లోపలిది ఇంకో చోట అయితే రెండో చోట తేదీ ముందే ఖాయం చేసుకోవాలి, లేకపోతే ఆ ఎనిమిది వారాల లెక్క అక్కడే తప్పుతుంది. ఆ చోట్లో వరుస మరీ పెద్దదైతే అప్పుడు అడయారో, రాయవేలూరో ఆలోచిద్దాం. దశ తేలాక ఇక్కడే రాయండి, అమ్మ పేరు, ఫోన్ నంబరు లేకుండా. ఆరోగ్యమిత్ర ఏమన్నారో కూడా రాయండి, తిరస్కరిస్తే ఆ కాగితంలో ఏ కారణం రాశారో చూసి తర్వాత ఎక్కడ అడగాలో చెబుతాను.